చేపపిల్ల నోరు చూసి మేత వేయాలి

నర్సరీలో చేపపిల్లలు పోయినప్పుడు ముందుగా నీళ్లను అంటారు, తర్వాత ఎండను, ఆ తర్వాత రోగాన్ని. మేత మాట చివరికి వస్తుంది. వచ్చినా "రోజూ వేస్తూనే ఉన్నాం కదా" దగ్గర ఆగిపోతుంది. వేసిన మేత పిల్ల నోట్లోకి వెళ్లిందా, వెళ్లాక అరిగిందా అని అడిగేవాళ్లు తక్కువ. పిల్లల దశలో జరిగే నష్టంలో పెద్ద వాటా ఈ రెండు ప్రశ్నల్లోనే దాగి ఉందని నా అభిప్రాయం.

గుడ్డులోంచి బయటపడిన పిల్లకు చాలా జాతుల్లో నోరు ఇంకా తెరుచుకోదు. పొట్ట కింద వేలాడే సొన సంచే దాని ఆహారం. వెచ్చటి నీళ్లలో పెరిగే బొచ్చె, మ్రిగాల లాంటి కార్ప్ జాతులకు ఆ నిల్వ సుమారు మూడు రోజులు వస్తుంది. చల్లటి నీటి సాల్మన్‌కు గుడ్డే పెద్దది కాబట్టి వారాల తరబడి సరిపోతుంది. సొన కరిగిపోయేలోగా పిల్ల బయటి ఆహారం పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. అలా జరగక ఆకలితో ఒక హద్దు దాటిపోతే, ఆ తర్వాత ఎదురుగా మేత ఉన్నా తినే శక్తి దానికి ఉండదు. ఇంకా ఈదుతూనే ఉంటుంది కాబట్టి బతికే ఉందని మనం అనుకుంటాం. సముద్రంలో చేపల సంఖ్య ఏటేటా ఎందుకు మారుతుందో వివరిస్తూ నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ఈ తొలి మేత రోజులను కీలక దశగా చూపారు. సాగులో ఆ మాట మరింత గట్టిగా వర్తిస్తుంది. తొట్టిలో ఉన్న పిల్ల మేత వెతుక్కుంటూ మరో చోటికి పోలేదు.

ఆ వయసులో నోరు మిల్లీమీటరులో కొద్ది భాగమే ఉంటుంది. రోటిఫర్లు అనే నీటి సూక్ష్మజంతువులు మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటాయి కాబట్టి నోట్లో పడతాయి. ఆర్టీమియా ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి ప్రాణి; అప్పుడే గుడ్డులోంచి వచ్చిన దాని పిల్ల దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. చాలా సముద్ర చేపల పిల్లలకు మొదటి రోజుల్లో అది కూడా పెద్దదే. అందుకే గుడ్లు పొదిగించే హేచరీల్లో ముందు రోటిఫర్లు, తర్వాత ఆర్టీమియా ఇస్తారు. ఆర్టీమియాను చేపపిల్లల మేతగా 1930లలోనే వాడి చూశారు. రోటిఫర్ల వాడకం 1960లలో జపాన్‌లో ఊపందుకుంది. సముద్ర చేపలను గుడ్డు దశ నుంచి పెద్ద ఎత్తున పెంచడం సాధ్యమైంది చాలావరకు ఈ రెండు ప్రాణుల వల్లే.

నాలుగు పిల్లల్ని గాజు గ్లాసులోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. వేటకు ముందు పిల్ల ఒళ్లు ఎస్ ఆకారంలో వంచుతుంది, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మొదట్లో చాలాసార్లు గురి తప్పుతుంది. ఎక్కువగా కదిలే దాని మీదికే దూకుతుంది. అడుగుకు దిగిపోయిన పిండి దాని కంటికి ఆనదు. ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో బయటికే కనిపిస్తుంది. ఖాళీ పొట్ట కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. ఎన్ని కిలోలు వేశామని నోట్‌బుక్‌లో రాసుకోవడం కంటే, రోజూ కొన్ని పిల్లల పొట్టలు ఇలా చూడటం నాకు నమ్మకమైన లెక్క.

ఇక అరుగుదల. పసి దశలో చాలా జాతులకు పనిచేసే జీర్ణాశయం ఉండదు. కార్ప్‌లకైతే జీవితాంతం ఉండదు. ఆమ్లంతో, పెప్సిన్ అనే ఎంజైమ్‌తో ప్రొటీన్‌ను విడగొట్టే సదుపాయం లేని పేగు అది. బతికున్న మేత మెత్తగా, నీటితో నిండి ఉంటుంది కాబట్టి ఆ పేగు తట్టుకుంటుంది. పొడి మేత సంగతి వేరు. నోటికి పట్టేంత సన్నగా చేస్తే, ఆ రేణువుల్లోని విటమిన్ సి, కరిగే పోషకాలు నిమిషాల్లో నీళ్లలో కలిసిపోతాయి. చిన్న పిల్లలకు 40 నుంచి 50 శాతం దాకా ప్రొటీన్ కావాలన్న మాట నిజమే. కానీ బస్తా మీద రాసిన శాతం పిల్ల ఒంటికి పట్టిన శాతం కాదు. సాల్మన్, తిలాపియా పిల్లలు కాస్త పెద్దగా పుడతాయి, మొదటి నుంచే పొడి మేత తింటాయి. వాటిని చూసి అన్ని జాతులకూ అదే పద్ధతి పెట్టడం వల్లే చిక్కు వస్తోంది.

మరో అపోహ, పెద్ద చేప ఏం తింటే పిల్లా అదే తింటుందని. గడ్డిచేప పెద్దయ్యాక గడ్డి తింటుంది, వెండిచేప పచ్చటి సూక్ష్మ నాచును వడకట్టి తింటుంది, బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, మ్రిగాల అడుగున. కానీ పిల్లలుగా ఇవన్నీ వెతుక్కునేది ఒకటే: జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలియాడే చిన్న చిన్న ప్రాణులు. అందుకే కార్ప్ నర్సరీలో అసలు మేత చెరువు తయారీతోనే మొదలవుతుంది. ఎరువు వేసి నీళ్లు పెట్టాక ముందు రోటిఫర్లు పెరుగుతాయి, తర్వాత డాఫ్నియా లాంటి పెద్దవి వస్తాయి. పిల్లల్ని ఆలస్యంగా వదిలితే నోటికి పట్టని ప్లవకాలే మిగులుతాయి. వాటిలో కొన్ని రకాల సైక్లాప్స్ అనే ప్లవకాలు తిరిగి పిల్లల మీదే దాడి చేస్తాయి. తౌడు, నూనె తీసిన చెక్క పొడి వేయడం తప్పని నేను అనను. కానీ మొదటి వారంలో వాటిలో చాలా భాగం చేరేది నీళ్లలోని సూక్ష్మజీవులకు, ప్లవకాలకు. పిల్ల తింటోందనుకుని మోతాదు పెంచుతూ పోతే అమ్మోనియా పెరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మళ్లీ నీళ్లనే తప్పు పడతాం.

బతికున్న మేతతోనే అంతా అయిపోదు. ఆర్టీమియాలో సముద్ర చేపల మెదడుకు, కంటికి అవసరమైన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. అందుకని నూనె ద్రావణంలో ఉంచి, దాని పొట్ట నింపాకే పిల్లలకు వేస్తారు. ఆ నూనె నీటిపై పొరగా మిగిలితే వేరే ముప్పు. చాలా జాతుల పిల్లలు ఒక్కసారి పైకి వచ్చి గాలి మింగితేనే, నీళ్లలో తేలడానికి తోడ్పడే వాటి గాలితిత్తి విచ్చుకుంటుంది. పొర అడ్డుపడితే అది విచ్చుకోదు, పెరిగాక వెన్ను వంకరపోతుంది. పై పొరను రోజూ తీసేయడం కూడా మేత పనిలో భాగమే.

పండుగప్ప, కొర్రమీను లాంటి వేటాడే చేపల్లో మేత లోపం ఇంకో రకంగా బయటపడుతుంది. ముందుగా తిన్నవి ముందు పెరుగుతాయి, పెరిగినవి వెనకబడిన వాటిని మింగేస్తాయి. రోజుకు రెండుసార్లు కుమ్మరించే బదులు కొంచెం కొంచెంగా చాలాసార్లు, తొట్టి అంతటా అందేలా వేయడం, సైజుల వారీగా వేరు చేయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. ఈ పనికి మనిషి కావాలి, ఆ మనిషికి ఓపిక ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందుగా కోత పడేది ఇక్కడే. పంట మొత్తానికయ్యే మేతలో పసిపిల్లలు తినేది చాలా చిన్న వాటా. అక్కడ మిగుల్చుకునేదీ అంతే చిన్నది. పోయేది మాత్రం సీడ్, అంటే పెంచడానికి తెచ్చిన పిల్లలు, మొత్తం.

పిల్లల్ని కొనేవాళ్లు ఎన్ని ఉన్నాయి, ఎంత పొడవున్నాయి అని అడుగుతారు. ఏం తిని పెరిగాయో కూడా అడగాలి. అమ్మేవాళ్లు తొలి మేత ఏమిటి, పొడి మేతకు ఎప్పుడు మార్చారు, ఎన్ని రోజులు రెండూ కలిపి ఇచ్చారు అన్నది రాసి ఇవ్వాలి. ప్లవకాల మీద పెరిగిన పిల్లను తెచ్చి తొట్టిలో వేసి నేరుగా మేత గుళికలు చల్లితే చాలాకాలం వాటిని ముట్టదు. రవాణాలో నీళ్లు పాడవకుండా బయల్దేరే ముందు మేత ఆపేస్తారు కాబట్టి దిగిన రోజు పొట్టలు ఖాళీగానే ఉంటాయి, దాన్ని బట్టి సీడ్‌ను తీసిపారేయకూడదు. మర్నాడు మేత వేశాక గ్లాసులో పట్టి చూడాలి. అప్పటికీ పొట్టలు ఖాళీగానే ఉంటే మోతాదు పెంచవద్దు, మేత మార్చాలి.