కొండపిండికి అమెరికా చెల్లెలట!

అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఒకటి నాకూ మూడుసార్లు వచ్చింది. తేమగా ఉండే అడవుల్లో మనిషి ఎత్తున పెరిగి ఊదా పూలు పూసే జో పై వీడ్ మన కొండపిండి ఆకు లాంటిదేనట, వేరు కషాయం తాగితే కిడ్నీలో రాళ్ళు కరుగుతాయట, చెట్టుమందు కాబట్టి హాని లేదట.

మొదట ఆ చుట్టరికం సంగతి. కొండపిండి తోటకూర కుటుంబం, జో పై వీడ్ చామంతి కుటుంబం. రెండింటినీ రాళ్ళ జబ్బుకి వాడారన్న మాట నిజమే, అంతకుమించి పోలిక లేదు.

ఇక రాళ్ళు కరగడం. ఎక్కువమందికి వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు, అవి ఏ కషాయానికీ కరగవు. మందులతో కరిగించగలిగేది ముఖ్యంగా యూరిక్ యాసిడ్ రాయిని, అదీ డాక్టరు మూత్రంలో ఆమ్లం తగ్గించే మందు ఇస్తే. మరి "మా బాబాయికి తగ్గింది" అంటారా? అయిదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు దానంతటదే పడిపోతుంది, కషాయం పేరుతో చెంబులకొద్దీ నీళ్ళు తాగితే ఇంకాస్త సులువుగా పోతుంది, పేరు మాత్రం వేరుకి వస్తుంది.

హాని లేదన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. గన్నేరుపప్పు చెట్టుది కాదా? జో పై వీడ్ మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విష రసాయనాలు ఉన్నాయి, మరిగిస్తే పోయేవి కావు, రోజూ తాగుతూ పోతే కాలేయంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇదే జాతి విషం ఉందనే 2001లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కాంఫ్రీ అనే మందుమొక్కని లోపలికి తీసుకునే సప్లిమెంట్ల నుంచి తీసేయమంది.

"జో పై అనే ఆదివాసీ వైద్యుడు దీంతో టైఫస్ జ్వరం తగ్గించాడు, అదే రుజువు" అని ఇంకో ముక్క. ఆయన కల్పితం కాదు లెండి, మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో ఉన్న మొహికన్ తెగ పెద్ద జోసెఫ్ షౌక్వెత్‌క్వియాట్ ఆయనేనని 2017లో ఇద్దరు పరిశోధకులు తేల్చారు. కానీ మనిషి నిజమైనంత మాత్రాన వైద్యం నిజమైపోదు, అయినా జ్వరానికీ రాయికీ ఏం సంబంధం?

మెసేజ్ చివర్లో, ఈ పూల పుప్పొడితో ఎలర్జీ వస్తుంది కోసెయ్యండి అన్నారు. దీని పుప్పొడి పురుగులు మోసుకెళ్ళేది, గాల్లో ఎగిరి తుమ్ములు తెప్పించేది అదే రోజుల్లో పూసే కలుపు మొక్క ర్యాగ్‌వీడ్‌ది. మా వీధిలో ఒకాయన ఆగస్టులో సీతాకోకచిలుకలు వాలి ఉండగానే ఊదా పూలన్నీ నరికేశాడు, కంచె పక్కన ర్యాగ్‌వీడ్ మాత్రం నిక్షేపంగా ఉంది.