విజేత ముందు, వెయిటేజీ తరువాత

సరఫరాదారుణ్ణి ఎంచుకోవడం ఒక శాస్త్రం. నమ్మనివాళ్లు మా కొనుగోలు కమిటీ గదిలోకి ఒకసారి తొంగిచూడాలి. గోడమీద పట్టిక వెలుగుతూ ఉంటుంది. అడ్డంగా సంస్థలు, నిలువుగా ప్రమాణాలు, ఒక్కోదాని పక్కన వెయిటేజీ. మొత్తం 100 కుదిరేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవరు.

డిక్సన్ అనే పరిశోధకుడు 1966లో కొనుగోలు అధికారుల చేత 23 ప్రమాణాలను తూకం వేయించాడు. నాణ్యత మొదటి స్థానంలో, సకాలంలో సరఫరా రెండో స్థానంలో నిలిచాయి. ధర ఆరో స్థానంలో ఆగింది. పాపం, ఆయనకు 24వది తట్టలేదు: మా పెద్దసారుకు ఎవరు నచ్చారన్నది.

కవర్లు విప్పకముందే వెయిటేజీలు ఖరారు చేసి టెండరు పత్రంలో ప్రకటించాలని ఛాందసులు అంటారు. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టమన్నట్టుంది! మనిషి ఎదురుగా నిలబడితేనే కదా భుజమెంతో, నడుమెంతో తెలిసేది.

అందుకే మేము కవర్లు విప్పాకే ధరకు 40, నాణ్యతకు 30, సకాలంలో సరఫరాకు 20 ఇచ్చాం. ఎవరూ వేలెత్తి చూపలేరు. మిగిలిన 10 'సహకార ధోరణి'కి వదిలాం. పోటీలో ఉన్న రెండు సంస్థలకూ నాణ్యతలో 5కు 4, సరఫరాలోనూ 4 వేశాం. ఇద్దరికీ ఒకే మార్కు పడ్డాక ఆ వెయిటేజీ 30 అయినా ఒకటే, 300 అయినా ఒకటే. ఇక తేడా తేల్చాల్సింది అట్టడుగున వినయంగా కూర్చున్న సహకార ధోరణే. అందులో మొదటి సంస్థకు 2, రెండో సంస్థకు 5. ఎందుకంటారా? రెండోవారు ఫోను మొదటి రింగుకే ఎత్తుతారు.

అయినా లెక్క మొండికేసింది. అందరికన్నా తక్కువ ధరను ఆయా సంస్థ ధరతో భాగించి 40తో గుణించడం మా పద్ధతి. మొదటివారి ధర 100, రెండోవారిది 125. ధర మార్కులు 40, 32. మిగతా మూడింట్లో 5కు వేసిన మార్కును 5తో భాగించి దాని వెయిటేజీతో గుణిస్తే మొత్తం 44, 50. మొత్తం 84, 82. పెద్దసారు ముఖం వాడిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, పక్కన పెట్టేసిన మూడో కవరు. ధర 50. మిగతా అన్నిటా 5కు 1 మార్కే, అంటే 12. మొత్తం 52, ఎలాగూ గెలవదు. కానీ కనిష్ఠ ధర 50 కాగానే మొదటివారి 40 కాస్తా 20కి, రెండోవారి 32 కాస్తా 16కి దిగాయి. ఇప్పుడు 64, 66! కాగల కార్యం గంధర్వులే తీర్చారు. నాణ్యతలో కనీస అర్హత మార్కు పెట్టి ఆ మూడో సంస్థను గుమ్మంలోనే ఆపి ఉంటే ఈ శాస్త్రీయ ఫలితం దక్కేదా?

వెయిటేజీలను అయిదేసి పాయింట్లు అటూ ఇటూ జరిపి, విజేత మారతారేమో చూద్దామని కొత్తగా చేరిన కుర్రాడొకడు అన్నాడు. అతనిప్పుడు పెన్సిళ్ల కొనుగోలు చూస్తున్నాడు.

మినిట్సులో 'మూడు సంస్థలు పాల్గొన్న పారదర్శక పోటీ' అని రాసుకున్నాం. ఆ మూడో సంస్థకు కృతజ్ఞతలు చెబుతూ లేఖ కూడా పంపాం, వచ్చే టెండరుకూ తప్పక రమ్మని.