స్టైపెండు ఎంతన్నది తర్వాత, ఏ తేదీన అన్నది ముందు

పీజీ వైద్యుల స్టైపెండు గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ అంతా మొత్తం చుట్టూనే తిరుగుతుంది. ఎంత ఇస్తున్నారు, పక్క రాష్ట్రంలో ఎంత, ఇంకెంత పెంచాలి అన్నవే ప్రశ్నలు. పీజీ చదువుతూ ఆసుపత్రిలో పనిచేసే ఒక రెసిడెంటు వైద్యుడి ఇంట్లో జమాఖర్చులు రాసే మనిషిగా నా అభిప్రాయం వేరు. స్టైపెండు తక్కువైనందువల్ల కలిగే ఇబ్బంది కంటే, అది ఏ నెలలో వస్తుందో తెలియనందువల్ల కలిగే నష్టం చాలా పెద్దది. జూడాల, అంటే జూనియర్ డాక్టర్ల, సంఘాలలో పనిచేసేవారు, కొత్తగా పీజీలో చేరుతున్నవారు, వారి ఇళ్లలోని పెద్దలు చదువుతారని దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మావారు ఈ చుట్టుపక్కల ఒక వైద్య కళాశాలలో పీజీ రెండో ఏడాది చదువుతున్నారు. గుంటూరు బ్రాడీపేటలో అద్దెకు ఉంటున్నాం. నాలుగేళ్ల పాప, మాతోపాటు అత్తయ్యగారు. పాప పుట్టాక నేను విజయవాడలో చేస్తున్న ఉద్యోగం మానుకున్నాను కాబట్టి ఇంటికి నెలవారీగా వచ్చేది స్టైపెండు ఒక్కటే. 2022లో ప్రభుత్వం పదిహేను శాతం పెంచినప్పుడు మన రాష్ట్రంలో మొదటి ఏడాది పీజీకి 50,686 రూపాయలు, రెండో ఏడాదికి 53,503, చివరి ఏడాదికి 56,319 అయ్యాయి. రెండో ఏడాదికి చెప్పిన ఆ మొత్తంతో గుంటూరులో ఒక కుటుంబం బతకలేదని నేను అనను. అందులో సగంతో ఇద్దరు పిల్లలను చదివిస్తున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అద్దెకు పన్నెండు వేలు పోయినా, పాప బడి ఫీజు, అత్తయ్యగారి షుగరు మందులు, పాలు, కూరగాయలు, వెచ్చాలు, మావారు డ్యూటీలో తినే తిండి అన్నీ పోయినా, ఆ డబ్బు ప్రతి నెలా ఒకే తేదీన చేతికి వస్తే నేను ఇల్లు నడపగలను, కొంత వెనకేయగలను కూడా.

అలా రాదు. నెల ముగిశాక విభాగం నుంచి హాజరు పట్టిక కదలాలి, కార్యాలయంలో బిల్లు తయారు కావాలి, అది ఖజానాకు చేరాలి, అప్పటికి ఆ పద్దు కింద బడ్జెట్ విడుదలై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా అందరి స్టైపెండూ ఆగుతుంది. మొన్నటి విడతలో మాకు మూడు నెలల బకాయి పడింది. అంటే లక్షా అరవై వేలు. ఇంటి యజమానికి, పాలవాడికి, బడివారికి ఖజానా సంగతి చెప్పి ప్రయోజనం లేదు, చెప్పకూడదు కూడా, ఎందుకంటే వారి ఇల్లూ మేమిచ్చే డబ్బుతోనే నడవాలి. కనుక ఆ లక్షా అరవై వేలు ఎక్కడో ఒకచోట అప్పు తేవలసిందే. బ్యాంకులో బంగారం పెట్టి తెస్తే ఏడాదికి పది శాతం చొప్పున నెలకు పదమూడు వందలకు పైగా వడ్డీ. బయట నూటికి రెండు రూపాయల లెక్కన తెస్తే నెలకు మూడు వేల రెండు వందలు. క్రెడిట్ కార్డు మీద గీకి కనీస మొత్తం కట్టుకుంటూ పోతే, నెలకు మూడున్నర శాతం వేసుకున్నా, ఐదు వేల ఆరు వందలు. అంటే సంఘాలు నెలల తరబడి పోరాడి సాధించిన పెంపులో కొంత భాగాన్ని ఒక్క ఆలస్యం వడ్డీల రూపంలో కరగదీస్తుంది, పైగా ఆ వడ్డీని బకాయిలతో పాటు ఎవరూ తిరిగి ఇవ్వరు.

నేను బంగారమే పెట్టాను. బ్యాంకులో బంగారానికి విలువ కట్టే అప్రైజరు నా గాజులను ఒక్కొక్కటిగా గీటురాయి మీద గీసి చూశారు. నెక్లెసులో రాళ్ల బరువు తీసేసి మిగతాదానికే లెక్క కట్టారు, లోపల లక్క ఉన్న గొలుసును పక్కన పెట్టి "ఇది వద్దమ్మా, తూకం సరిగా తేలదు" అన్నారు. కాగితంలో వృత్తి దగ్గర భర్త డాక్టరని రాయగానే ఆయన తలెత్తి చూసి, పర్సనల్ లోను తీసుకోవచ్చు కదా, డాక్టర్లకు వెంటనే వస్తుంది అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ ఈ మాటే నన్ను అన్నింటికంటే భయపెడుతుంది. డాక్టరు అనగానే మన సమాజం రేపటి ఆదాయాన్ని చూసి ఈరోజే అప్పు ఇవ్వడానికి సిద్ధపడుతుంది. కారు లోను, ఫ్లాటుకు అడ్వాన్సు, పెద్ద చీటీ, ఏది అడిగినా కాదనేవారు ఉండరు. నెలసరి వాయిదా కట్టవలసిన తేదీ మాత్రం ఐదో తారీఖుగానే ఉంటుంది, మన స్టైపెండుకు తేదీయే ఉండదు. ఒక్క వాయిదా తప్పితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు సొంతంగా క్లినిక్ పెట్టుకోవడానికి నిజంగా రుణం కావలసిన నాడు ఆ మచ్చ అడ్డు వస్తుంది.

బంధువుల లెక్క కూడా ఇలాంటిదే. పెళ్లిళ్లలో చదివింపుల దగ్గర మిగతావారు వెయ్యి నూట పదహార్లు రాయిస్తే సరిపోతుంది, మా పేరు దగ్గర ఐదు వేల నూట పదహార్లకు తగ్గితే మా అత్తయ్యగారికే మనసు ఒప్పదు. ఆవిడను నేను తప్పుపట్టను, కొడుకును డాక్టరును చేయడానికి ఆవిడ పడిన కష్టం నాకు తెలుసు. అయితే బకాయిలన్నీ ఒకేసారి ఖాతాలో పడ్డప్పుడు లక్షా అరవై వేలు పెద్ద మొత్తంగా కనిపిస్తుంది, అది అప్పటికే తినేసిన అన్నానికి సంబంధించిన డబ్బన్న సంగతి అందరికీ మరుగున పడుతుంది. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నాం. బకాయి పడ్డ రోజునే బంగారం విడిపించి, మిగిలినదానిని వేరే ఖాతాలో వేస్తున్నాం. మూడు నెలల ఇంటి ఖర్చు అక్కడ పోగయ్యే వరకు చీటీ కట్టేది లేదు, కొత్త వాయిదా తెచ్చుకునేది లేదు, ఎవరి అప్పుకూ హామీ సంతకం పెట్టేది లేదు.

మావయ్యగారు సత్తెనపల్లి వైపు మిర్చి వేస్తారు. విత్తనాలు, పురుగుమందులు, కోత కూలీలకు డబ్బు పెడుతూ పోవాలి, చేతికి వచ్చేది మాత్రం పంట గుంటూరు యార్డుకు చేరాకే, ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇంకా ఆగాలి. సాగు పెట్టుబడికి ఆయన కొడుకు వైపు చూసే నెలల్లోనే స్టైపెండు ఆగిపోతే రెండిళ్లూ ఒకేసారి అప్పు చేయవలసి వస్తుంది. పల్లెల నుంచి వచ్చిన రెసిడెంట్లలో చాలామంది పరిస్థితి ఇదే. బయట ప్రాక్టీసు చేసి సంపాదించే వీలు వారికి లేదు, డ్యూటీలు అందుకు సమయమూ ఇవ్వవు. దీనికి తోడు జిల్లా రెసిడెన్సీ కింద, అంటే పీజీలో భాగంగా, మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. అది వేరే ఊళ్లో పడితే ఆ మూడు నెలలూ ఇక్కడి అద్దెతో పాటు అక్కడి తిండీ, వసతీ, ప్రయాణాల ఖర్చూ పడవచ్చు. థీసిస్ ముద్రణ, పరీక్ష ఫీజు వంటివి చివరి ఏడాది మీద పడతాయి, వాటికి ఇప్పటినుంచే నెలకు కొంత తీయడం మంచిది. ఎంబీబీఎస్‌కు చదువు రుణం తీసుకున్నవారు పీజీలో చేరినట్టు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, వాయిదాల గడువు పొడిగించమని అడగాలి. గడువు పొడిగించినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి వీలైన నెలల్లో వడ్డీ మట్టుకైనా కట్టుకోవాలి.

స్టైపెండు జీతం కాదు, చదువుకునేవారికి ఇచ్చే భృతి అని అధికారులు అంటారు. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనలు మాత్రం వీరిని పూర్తికాలపు రెసిడెంటు వైద్యులని చెబుతున్నాయి, అన్ని కళాశాలలూ రాష్ట్ర ప్రభుత్వ కళాశాలలతో సమానంగా స్టైపెండు ఇవ్వాలనీ అంటున్నాయి. రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడి పొద్దున్న ఓపీకి వెళ్లే మనిషిని నెల చివర విద్యార్థిగా లెక్కకట్టడం న్యాయం కాదు. ఇక్కడికి కొద్ది దూరంలోనే మంగళగిరి ఎయిమ్స్‌లో జూనియర్ రెసిడెంటుకు ఏడో వేతన సంఘం ప్రకారం 56,100 మూలవేతనం, దాని మీద కరువు భత్యం, బయట ప్రాక్టీసు చేయనందుకు ఇచ్చే ఎన్‌పీఏ భత్యం ఉన్నాయి. అంత ఇవ్వలేమని రాష్ట్రం అంటే నేను అర్థం చేసుకోగలను, ఖజానా పరిస్థితి అందరికీ తెలిసిందే. ఇస్తామని ఒప్పుకున్నదానిని ఫలానా తేదీన ఇవ్వడానికి మాత్రం అదనంగా ఒక్క రూపాయి అక్కరలేదు.

జూడాల సంఘాల నాయకులకు నా విన్నపం ఇది. ఈసారి సమ్మె నోటీసు ఇచ్చేటప్పుడు పెంపు శాతానికి ముందు మొదటి డిమాండుగా చెల్లింపు తేదీని రాయండి. ప్రతి నెలా ఐదో తారీఖు లోపు చెల్లించాలని, అది దాటితే దాటిన రోజులకు వడ్డీ కలిపి ఇవ్వాలని, ఏ నెల బిల్లు ఎవరి దగ్గర ఆగిందో రెసిడెంట్లు చూసుకునే వీలుండాలని జీవోలోనే రాయించండి. ప్రైవేటు కళాశాలల పీజీలకు కూడా ఇదే తేదీ వర్తించాలని అందులో చేర్చండి.