కువైట్ నుంచి వస్తే మనిషి కనిపించడా?

చెన్నైలో విమానం దిగి, రాత్రంతా కారులో కూర్చుని కడప చేరాం. గడప దాటకముందే మొదటి మాట: "ఏం తెచ్చినావు?" తిన్నారా అని ఒక్కరైనా అడగరా? సెంటు సీసాలు, దుప్పట్లు, ఖర్జూరం... ముప్పై కేజీల్లో ఎన్ని ఇళ్లకని సర్దాలి? ఎండ 50 డిగ్రీలు దాటే దేశం కువైట్. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని అక్కడి సర్కారే రూల్ పెట్టింది. అక్కడ డబ్బు చెట్లకు కాస్తుందా?

ఇక ఫోన్లు! ఇక్కడ ఉదయం 6 అంటే అక్కడ 3:30. "ఇంకా నిద్రేనా?" అంటారు. ఆదివారం సెలవే కదా అని గంటలు మాట్లాడతారు. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పిల్లలకు బడి, నాకు డ్యూటీ. ఎన్నిసార్లు చెప్పాలి?

నిన్న మా పాప అడిగింది: "నాన్నా, వీళ్లంతా మన పెట్టెలు చూడ్డానికే వచ్చినారా?"