పదమూడు దాటాక అమ్మానాన్నలు సరిపోరు

మా అబ్బాయిని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాను. వాడికి పద్నాలుగేళ్లప్పుడు ఆల్జీబ్రా దగ్గర మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. జవాబుల పుస్తకం నేను బీరువా పైన దాచేదాన్ని. వాడు లెక్కలు చేసి నోట్‌బుక్ నా చేతికివ్వాలి, నేను దిద్దాలి. అదీ మా పద్ధతి. ఆ రోజు నోట్‌బుక్ బల్ల మీద పడేసి, "నువ్వు అమ్మవా, టీచర్‌వా? రెండూ నువ్వే అయితే నా బాధ ఎవరితో చెప్పుకోవాలి?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు జవాబుల పుస్తకమూ, ఒక ఎర్ర పెన్నూ వాడికే ఇచ్చేశాను. మొదటి వారం చూసి రాసేశాడు. నాకు తెలుస్తూనే ఉంది, అయినా పెదవి కదపలేదు. రెండో వారానికి చూసి రాయడమూ విసుగొచ్చింది. మూడో వారంలో ఒక సాయంత్రం తనే పిలిచి చూపించాడు. తప్పిన పదకొండు లెక్కల్లో తొమ్మిదింట్లో ఒకటే తప్పు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి మైనస్ 3 బయటికొచ్చేసరికి ప్లస్ 3 కావాలి. వాడు దాన్ని మైనస్‌గానే వదిలేస్తున్నాడు. అదే తప్పు కింద నేను ఆరు నెలలుగా ఎర్రగీత గీస్తూనే ఉన్నాను. వాడి కంటికి అది ఆనింది మాత్రం తన చేత్తో గీసుకున్నప్పుడే.

టీనేజ్ పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్న తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఒకటే: ఏ సిలబస్ వాడుతున్నారు, ఏ యాప్ మంచిది? వాళ్ల ఆందోళన నాకు తెలుసు, నేనూ అక్కణ్నుంచే వచ్చాను. కానీ ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతున్నాం. చదువు సామగ్రికి కరువు తీరి చాలాకాలమైంది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ 1971 నుంచి పుస్తకాలు ఉచితంగా ఇస్తోంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2001లోనే తన పాఠాలన్నీ అందరికీ తెరిచి పెడతానని ప్రకటించి, మరుసటేడాది నుంచి పెట్టడం మొదలుపెట్టింది. వీడియో పాఠాల ఖాన్ అకాడమీ, లెక్కల్ని బొమ్మల్లో చూపే జియోజీబ్రా ఉండనే ఉన్నాయి. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో విద్యుత్ సర్క్యూట్లు తెర మీదే కలిపి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు. ఇన్ని ఉన్నా పదిహేనేళ్ల పిల్లాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నాడంటే, లోటు పాఠంలో లేదు. మనుషుల్లో ఉంది. ఇంటి చదువు ఈ వయసులో చతికిలబడేది పుస్తకాలు చాలక కాదు, అమ్మానాన్నలు తప్ప ఇంకో పెద్దమనిషి లేక.

హోమ్‌స్కూలింగ్, అంటే బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం, కొత్తేమీ కాదు. బడిపంతులుగా పనిచేసి, బడులు మారతాయన్న ఆశ వదులుకున్న జాన్ హోల్ట్ 1977లో ఇంటి చదువు కుటుంబాల కోసం పత్రిక పెట్టాడు. 1993 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. జర్మనీ మాత్రం బడికి వెళ్లి తీరాలంటుంది, 2006లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఆ దేశాన్ని తప్పుపట్టలేదు. పరీక్షల భయమూ మనం అనుకున్నంత పెద్దది కాదు. భారత్‌లో ఎన్ఐఓఎస్ అనే సార్వత్రిక విద్యా సంస్థ పద్నాలుగేళ్లు నిండినవాళ్లను సెకండరీకి, అంటే పదో తరగతి స్థాయికి, తీసుకుంటుంది. అమెరికాలో హైస్కూలు పట్టాకు సమానమైన, నాలుగు సబ్జెక్టుల జీఈడీ పరీక్ష ఉంది. కేంబ్రిడ్జి పరీక్షలను ప్రైవేటు అభ్యర్థిగా రాయొచ్చు. ఏ దారి పట్టాలో పదమూడు, పద్నాలుగు మధ్య ఒక్కసారి కూర్చుని తేల్చుకుంటే చాలు. రోజూ దాని గురించి బెంగపడక్కర్లేదు.

పొద్దుపోయేదాకా లేవడం లేదని కుమిలిపోతున్న తల్లులకు ఒక మాట. అది బద్ధకం కాదు. యుక్తవయసు వచ్చేసరికి శరీరంలోని గడియారం ఆలస్యంగా నడవడం మొదలవుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు. బడులే ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో అంది. బడి చేయలేక తంటాలు పడుతున్న పనిని మీరు రేపటినుంచే చేయొచ్చు. లెక్కల్ని పదకొండు గంటలకు జరపండి. ఇంట్లో సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి.

మిగతా సగం సద్దుమణగాలంటే మూడో మనిషి కావాలి.

విద్యుత్తు మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే సంగతి చూడండి. కమ్మరి కొడుకు. చదవడం, రాయడం, కూడికలు తప్ప బడి అతనికి నేర్పింది లేదు. 1805లో, పద్నాలుగో ఏట, జార్జ్ రీబో అనే పుస్తకాల బైండర్ దగ్గర ఏడేళ్ల పనికి కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలు కుట్టడంతో ఆగలేదు, చదివాడు. విద్యుత్తు మీద బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలోని వ్యాసం అలాగే అతని చేతికొచ్చింది. ఇంకో యజమాని అయితే పని మానేసి చదువుతున్నావని కసిరేవాడు. రీబో కసరలేదు, చిన్నచిన్న ప్రయోగాలు చేసుకోనిచ్చాడు. ఊళ్లో విజ్ఞానశాస్త్ర ఉపన్యాసాలకు ప్రవేశ రుసుము అన్న ఇచ్చాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చింది ఆ దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు. విన్నదంతా ఫారడే శుభ్రంగా రాసుకుని, తనకు తెలిసిన విద్యతో తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. 1813లో డేవీ పనిచేసే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు.

ఈ కథను మేధావి కథగానే చెబుతారు. నేను ఇందులో యజమానిని, అన్నను, ఖాతాదారును చూస్తాను. ముగ్గురిలో ఒక్కరూ అతనికి పాఠం చెప్పలేదు. తలుపు తీసి పట్టుకున్నారు, అంతే. పిల్లాడు లోపలికి నడిచాడు. రీబో ఆ తలుపు మూసి ఉంటే విద్యుత్ మోటారుకు మూలమైన ప్రయోగం 1821లో ఎవరి బల్ల మీద జరిగేదో!

మీ ఇంటికి అలాంటి మనిషిని ఎలా తేవాలి? "మావాడికి నేర్పండి" అని అడగొద్దు. ఆ మాట వినగానే ఎవరైనా బెదిరిపోతారు. "వారానికి రెండు గంటలు మీ పనిలో చేయి సాయానికి రానివ్వండి" అని అడగండి. వడ్రంగి కావొచ్చు, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే మనిషి కావొచ్చు, రిటైరైన నర్సు, అనువాదకురాలు, లెక్కలు చూసే అకౌంటెంట్ ఎవరైనా కావొచ్చు. ఫోన్ పిల్లలే చేయాలి. గొంతు వణికినా సరే, వాళ్లే. మొదటిరోజు వెళ్లి, ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడి, పది మంది తిరిగే చోటేనా అని కళ్లారా చూసి వచ్చేయండి. ఇబ్బందిగా అనిపిస్తే ఆ క్షణమే లేచి రావొచ్చని పిల్లలకు ముందే చెప్పండి. తర్వాత అక్కడ కుర్చీ వేసుక్కూర్చోవద్దు. ఇది చాకిరీగా మారకుండా చూసుకోవడం మన బాధ్యత. ప్రమాదకరమైన పని పద్దెనిమిది నిండకుండా వద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 ఒప్పందమే చెబుతోంది. తేదీ, చేసిన పని, పట్టిన సమయం, కొత్తగా తెలిసిన ఒక్క సంగతి: ఇవి ఒక నోట్‌బుక్‌లో పిల్లలే రాసుకుంటే మూడేళ్లకు అదే పోర్ట్‌ఫోలియో అవుతుంది. కాలేజీకి చూపించడానికి మీరు రాత్రికి రాత్రి కథలు అల్లక్కర్లేదు.

బయట మనిషి దొరకడం కష్టమైన కుటుంబాలున్నాయి. వాళ్లకూ దారి ఉంది. ఇంటర్నెట్‌లో పాఠం వినే చోట్లు కాదు, పని అప్పగించే చోట్లు వెతకండి. లిబ్రివాక్స్‌లో 2005 నుంచి కాపీరైట్ తీరిన పుస్తకాలను మామూలు మనుషులు చదివి రికార్డు చేస్తున్నారు. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంలో ఏ వీధి గీసినా ఎవరో దాన్ని చూసుకుంటూ నడుస్తారు. ఈబర్డ్‌లో నమోదు చేసిన పక్షిని పరిశోధకులు వాడుకుంటారు, అనుమానమొస్తే పక్షుల లెక్క తెలిసినవాళ్లు తిరిగి అడుగుతారు కూడా. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు అక్షరం అక్షరం సరిచూడాలి. పదిహేనేళ్ల పిల్ల అక్కడ "ఱ"కీ "ర"కీ తేడా దగ్గర ఆగి, పక్క పేజీ చూసి, సీనియర్ వాడుకరిని అడిగి సరిచేసింది అనుకోండి. వంద వ్యాకరణ వర్క్‌షీట్లు నేర్పలేనిది ఆ ఒక్క పేజీ నేర్పుతుంది, ఎందుకంటే తప్పుంటే చదివేవాళ్లు నష్టపోతారని ఆ పిల్లకు తెలుసు.

బడిని సమర్థించేవాళ్లు ఇంటి చదువు పిల్లల్ని ఒంటరుల్ని చేస్తుందంటారు. ఇంకా గట్టి మాట కూడా ఒకటి అంటారు: తల్లిదండ్రులే హింసిస్తుంటే, బడికి రాని పిల్ల దెబ్బలు ఎవరి కంట పడతాయి? దీన్ని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ భయం నిజం. అందుకే నేను అడుగుతున్నది నాలుగు గోడల చదువు కాదు. ప్రతి టీనేజ్ పిల్లకూ ఇంటికి సంబంధం లేని, తనను వారం వారం చూసే, తను నమ్మి మాట్లాడగల పెద్ద మనిషి ఉండాలి. ఇక ఒంటరితనం అంటారా, ఒకే ఏడాది పుట్టిన నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టడం సాంగత్యమని ఎవరన్నారు?

నన్ను నిజంగా కలవరపెట్టేది ఇదే, బడికి వెళ్లేవాళ్లకూ వెళ్లనివాళ్లకూ ఇది సమానం. పిల్లల్ని వయసు వారీగా తరగతులు కట్టే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో పాతుకుంది. 1904లో జి. స్టాన్లీ హాల్ అనే మనస్తత్వవేత్త కౌమారం మీద రెండు సంపుటాల గ్రంథం వేసి, అది సహజంగానే అలజడి నిండిన వయసని తేల్చాడు. అప్పటినుంచి పదమూడేళ్లు వచ్చిన మనిషిని పనికి పనికిరానివాడుగా, ఇంట్లో భరించాల్సినవాడుగా చూడటం అలవాటైపోయింది. పెద్దల లోకం తలుపు వేసేసింది. ఆఫీసులో లేరు, వర్క్‌షాపులో లేరు, పెద్దలు మాట్లాడుకునే చోట లేరు. బాల్యాన్ని పని నుంచి కాపాడుకోవడం మనం గెలిచిన గొప్ప పోరాటం, అందులో ఒక్క అంగుళం వెనక్కి పోకూడదు. కానీ గని నుంచి కాపాడబోయి మనుషుల నుంచే దూరం చేశాం. తర్వాత వాళ్లు ఫోన్‌లో తమ ఈడువాళ్లతోనే బతుకుతున్నారని మనమే వాపోతున్నాం. వెళ్లడానికి వాళ్లకు ఇంకెక్కడ చోటుంచాం?

కాబట్టి నా విన్నపం ఇంటి చదువు తల్లిదండ్రులకు ఎంతుందో, ఏదో ఒక పని బాగా తెలిసిన ప్రతి మనిషికీ అంతే ఉంది. ఏ పిల్లో పిల్లాడో గొంతు వణుకుతూ ఫోన్ చేస్తే "చూద్దాంలే" అనకండి. రోజు చెప్పండి, గంట చెప్పండి.

మావాడికి అలా చెప్పినాయన మోటార్ వైండింగ్ చేస్తారు. మాటలు తక్కువ మనిషి. ఆర్నెల్లు మావాడు కాలిపోయిన మోటార్ల లోంచి పాత రాగి తీగ లాగడం, స్లాట్లు శుభ్రం చేయడం, చుట్లు లెక్కపెట్టి చీటీ మీద రాయడం చేశాడు. ఆల్జీబ్రా తనంతట తనే రోజుకో గంట చేస్తున్నాడు, ఎందుకంటే తీగ మందానికీ చుట్ల లెక్కకూ ఉన్న సూత్రం ఆయన నోటితో చెప్పరు, గోడకున్న కాగితం చూపిస్తారు. మొన్న గురువారం మొదటిసారి కాయిల్ చుట్టనిచ్చారట. నూట పద్దెనిమిదో చుట్టు దగ్గర ఎవరో పలకరిస్తే మావాడు లెక్క తప్పాడు. పందొమ్మిదా, పద్దెనిమిదా అని తటపటాయిస్తుంటే ఆయన తలెత్తకుండా "విప్పు" అన్నారట. మొత్తం విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. రాత్రి ఇంటికొచ్చి వేళ్ల మీద తీగ చారలు చూపించి, ఈ సంగతంతా చెప్పి, పొద్దున్నే తొమ్మిదింటికి లేపమన్నాడు.