శ్వాస మీద ధ్యాస, ఫోన్ మీద కన్ను

పంచాయతీ కార్యదర్శుల ఒత్తిడి పోగొట్టాలని పాలమూరులో పెద్దలు నడుం కట్టారు. ఇంత మంచి పనికి ఆలస్యమెందుకని రెండో శనివారం, సెలవు నాడే ముహూర్తం పెట్టారు. నిన్నటి పెళ్లి దండలు ఇంకా వేలాడుతున్న ఫంక్షన్ హాలు. హైదరాబాద్ నుంచి కోటేసుకొచ్చిన వక్త.

"కళ్లు మూసుకోండి. ఇప్పుడు ఈ లోకంలో ఉన్నది మీరూ, మీ శ్వాసే" అన్నాడాయన. అప్పుడే అందరి జేబులూ ఒక్కసారిగా వణికాయి. గ్రూపులో మెసేజ్: 'ఒత్తిడి నివారణ శిక్షణ ఫోటోలు జియో ట్యాగుతో పది నిమిషాల్లో పెట్టవలెను. పెట్టనివారికి మెమో.' దాంతో హాలంతా ఒక కన్ను మూసి ధ్యానం, ఒక కన్ను తెరిచి అప్‌లోడ్. జడ్చర్ల దిక్కు నుంచి వచ్చిన తమ్ముడు పక్క కుర్చీ ఆమెతో, "అక్కా, నువ్వు ఊపిరి పీల్చు, నీ ఫోటో నేను దింపుత" అన్నాడు.

అంతలో హాజరు యాప్ మేల్కొంది. ముఖం చూసింది, గుర్తుపట్టింది, 'మీరు మీ గ్రామంలో లేరు' అని తేల్చింది. ఒత్తిడి తగ్గించుకునేందుకు వచ్చిన పాపానికి గైర్హాజరు పడింది. ఎందుకు గైర్హాజరయ్యారో సంజాయిషీ కోరుతూ ఇంకో మెసేజ్.

తర్వాత నవ్వుల యోగా. చేతులు పైకెత్తి అందరూ హహ్హహ్హ అంటుండగా టెలికాన్ఫరెన్స్ మొదలైంది. "పన్ను వసూలు గురించి మాట్లాడుతుంటే ఎవరయ్యా ఆ నవ్వేది?" అని అవతల నుంచి గద్దింపు. వక్త అనుభవజ్ఞుడు. వెంటనే సర్దుకుని, "మ్యూట్‌లో పెట్టి నవ్వండి" అన్నాడు.

పాపం శరీరానికే వ్యంగ్యం తెలియదు. 'అత్యవసరం' అని కనిపిస్తే నిజమే కాబోలని నమ్ముతుంది. మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. కాలేయం చక్కెరను రక్తంలోకి తోస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ లేస్తుంది, అరుగుదల తర్వాత చూద్దామని వాయిదా పడుతుంది. పది నిమిషాలైతే అది రక్షణే. రాత్రి పదకొండు దాకా, ఏళ్లకేళ్లు సాగితే లేచిన బీపీ లేచినకాడనే ఉంటుంది, నిద్ర పట్టదు, నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది, జలుబు కూడా ఓ పట్టాన వదలదు. వీటన్నిటికీ మన దగ్గర ఒకటే పేరు: గ్యాస్. పరగడుపున ఒక గోలీ వేసుకుని బండి స్టార్ట్ చేయడమే.

ఒత్తిడి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో ఎలుకలను చలిలో ఉంచాడు, గాయపరిచాడు, మితిమీరి శ్రమపెట్టాడు. ఏ బాధ పెట్టినా ఫలితం ఒకటే. అడ్రినల్ గ్రంథులు పెరిగాయి, రోగనిరోధక శక్తికి అండగా ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. ఎంతైనా దయగల మనిషి, ఆ ఎలుకలను చేతులెత్తి నవ్వమనలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డీలాపడిపోవడాన్ని, జబ్బుగా కాదు, పనిచోట పుట్టే సమస్యగా రాసుకుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో లెక్క చెప్పింది. రోగం పనిలో ఉందని ఇంత స్పష్టంగా రాస్తే, మీరు మనిషికి ఊపిరి పాఠాలు చెప్తారా?

పక్క కుర్చీలోని ఆ అక్కనే చూడండి. ఇంటి పన్ను ఆమెనే, నర్సరీ మొక్కకు నీళ్లు ఆమెనే, వీధి దీపం, మోరీ, చచ్చిన కుక్క, పుట్టుక పత్రం, చావు పత్రం అన్నీ ఆమెనే. ఇంకా ముప్పై ఐదు నిండలేదు, బ్యాగులో బీపీ గోలీలు. డాక్టరుకు చూపిస్తే "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అంటాడు. తగ్గించుకోవాల్సింది ఆమెనా? రాత్రి పదింటికి ఫోటో అడిగేటోడు తగ్గించుకోవద్దా? ఇద్దరి పని ఒక్కరి నెత్తిన పెట్టి, ఆ నెత్తి నొస్తే ధ్యానం చేయమనడం సిగ్గులేనితనం. ఆ వక్తకిచ్చిన పైసలతో ఒక కంప్యూటర్ ఆపరేటర్‌కు జీతమిచ్చినా ఆమె ఆ నెలంతా పొద్దుగూకేసరికి ఇల్లు చేరేది.

పోయేటప్పుడు అందరికీ పిసుక్కోవడానికి తలా ఒక మెత్తటి బంతి ఇచ్చి రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నారు. అది ప్రభుత్వ ఆస్తి, పోగొడితే రికవరీ. రోజూ ఎన్నిసార్లు పిసికిందీ సాయంత్రం ఆరులోపు ఎక్సెల్‌లో పంపాలట.