హమ్మింగ్‌బర్డ్ వీడియో: స్లో మోషనా, మామూలు వేగమా?

(డాలస్ శివారు, సెప్టెంబరు ఉదయం. రూబీ థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డులు, అంటే మగవాటికి ఎర్రటి గొంతు ఉండే చిన్న పిట్టలు, దక్షిణానికి వలసపోతూ పెరట్లో పెట్టిన పంచదార నీళ్ల ఫీడర్ల దగ్గర ఆగే రోజులు. మాధవ్ చేతిలో ఫోను, సూరిది ట్రైపాడ్ మీద కెమెరా.)

మాధవ్: సెకనుకు సుమారు 50 సార్లు రెక్క కొట్టే పిట్ట బావా ఇది. మామూలు వేగంలో తీస్తే ఏం కనబడుతుంది? ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు (బొమ్మలు) తీసి, సెకనుకు 30 చొప్పున ఆడించు, ఎనిమిది రెట్లు నెమ్మది. ఒక్కో విసురుకి దాదాపు ఐదు ఫ్రేములు. వెనక్కి పోయేటప్పుడు రెక్క తిరగబడటం కూడా తెలుస్తుంది.

సూరి: వెలుగుంటే తెలుస్తుంది. నీడలో ఫోను షట్టర్‌ని, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పట్టే సమయాన్ని, 1/240 సెకను దాకా తెచ్చేస్తుంది. అంతలోనే రెక్క తన చుట్టులో ఐదోవంతు తిరిగేస్తుంది. ఆ మసకని ఎంత నెమ్మదిగా ఆడించినా మసకే.

మాధవ్: అందుకే పొద్దుటెండలో, షట్టర్ మన చేతిలో ఉండే యాప్‌తో 1/2000 పెట్టి తీస్తా. ఎండ ముదిరాక ఫీడర్‌ని నీడకి మార్చాలి, లేకపోతే పంచదార నీళ్లు పులుస్తాయి. కప్పు తెల్ల పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు, అంతే. రంగు, తేనె వద్దు.

సూరి: పాళ్ల దగ్గర పేచీ లేదు. ఈ ఎండలకి రోజు విడిచి రోజైనా మార్చాలి. నీళ్లు మబ్బుగా కనబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. నా పేచీ శబ్దం గురించి. స్లో మోషన్‌లో ఆ ఝుమ్మనే మోతా పోతుంది, ఫీడర్ కోసం తరుముకుంటూ చేసే కిచకిచలూ పోతాయి. నాది 60 ఫ్రేములు, షట్టర్ 1/125. రెక్కలు కంటికి కనబడినట్టే మసగ్గా, ఒళ్లు స్పష్టంగా.

మాధవ్: ఎండలో 1/125 పెడితే బొమ్మ తెల్లబోదూ?

సూరి: వెలుగుని నాలుగోవంతుకి తగ్గించే ఎన్‌డీ4 ఫిల్టర్ తగిలిస్తా.

మాధవ్: సరే, ఫోకస్ సంగతి? నీది 300 మి.మీ. లెన్సు, పదడుగుల దూరం, లెన్సు తెరుపు ఎఫ్/5.6. స్పష్టంగా ఉండే మందం అంగుళంన్నర కూడా లేదు. పిట్టేమో ఓ గుక్క తాగి రెండు మూడంగుళాలు వెనక్కి జరిగి గాల్లో నిలుస్తుంది. ఆటోఫోకస్ ఫీడర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. అడుగు దూరంలో పెట్టిన ఫోనుకి ఈ బెడద తక్కువ, వెనకున్నవన్నీ కూడా పోల్చుకునేంతగానే వస్తాయి.

సూరి: అన్నీ అంటే అన్నీ! వెనకున్న కంచె, చెత్తడబ్బాతో సహా. ఫీడర్ నాలుగు రంధ్రాల్లో మూడింటికి టేపు వెయ్యి. కూర్చునే కమ్మీ ఊడొస్తే తీసెయ్యి, పిట్ట గాల్లోనే ఉంటుంది. అది వెనక్కి జరిగి ఆగే చోట ఓ పుల్ల పట్టుకుని, దాని మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి వదిలెయ్యి. లెన్సు తెరుపు తగ్గించి ఎఫ్/8 పెడితే ఇంకాస్త వెసులుబాటు. వెనక చెట్లు పదిహేనడుగుల దూరంలో ఉంటే పచ్చటి తెరే.

మాధవ్: పుల్ల ఉపాయం బాగుంది, ఫోన్‌లోనూ అక్కడే ఫోకస్ లాక్ చేస్తా. మరి మగపిట్ట గొంతు ఎరుపు?

సూరి: అది ఈకల మెరుపు. ఎండ మన వీపు వైపు ఉంటేనే ఎర్రగా మండుతుంది, పక్కకి తిరిగితే నలుపే. అయినా సెప్టెంబరులో ఎక్కువగా ఆడపిట్టలు, కుర్రపిట్టలే, గొంతు తెల్లగానే ఉంటుంది. ఎరుపు కావాలంటే ఏప్రిల్ దాకా ఆగు. సరేగానీ, ఐదు సెకన్ల గుక్క నీ దాంట్లో 40 సెకన్లు. ఎవరు చూస్తారు?

మాధవ్: రెక్క తిరగబడే ముక్క ఉంచి మిగతాది కోసేస్తా. దాని కింద వేసుకోడానికి నీ మోత పంపు.